జట్టు మార్పు దరఖాస్తు

లిఫ్టులు బాగుచేసి బతికే మేమిద్దరం లిఫ్టు లేని మేడలో, మూడో అంతస్తులో ఉంటాం. ఈ మాట విన్న ప్రతివాడూ నవ్వుతాడు. నేనే చెప్పి నవ్వించేవాణ్ణి. "ఇంటికొచ్చాక కూడా డ్యూటీ చెయ్యమంటారా ఏంటి?" అని పైన ఇంకో ముక్క తగిలించేవాణ్ణి. నెలా పది రోజులుగా ఆ జోకు వెయ్యలేదు. వేస్తే ఎదుటివాడు నవ్వుతాడు, వాడితోపాటు నేనూ నవ్వాలి. అంత ఓపిక లేదు.

డిపోలో నన్ను వాగుడుకాయ అంటారు. ఆయన్ని మేస్త్రి అంటారు. వయసులో నాకంటే ఆరేళ్ళు పెద్ద, సర్వీసులో పదమూడేళ్ళు పెద్ద. నేను చేరిన రోజునే నన్ను ఆయన జట్టులో వేశారు. మా దగ్గర జట్టంటే ఇద్దరే. ఏడాది తిరిగాక ఒక వానాకాలం, తన గది కురుస్తోందని నాలుగు రోజులు ఉండి వెళతానంటూ మేస్త్రి ఒక సంచీతో నా గదికి వచ్చాడు. ఎనిమిదేళ్ళయింది. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు.

డిపోలో ఆయన్ని మీరు అంటాను. మెట్లెక్కి, తలుపేసి, గడియ పెట్టాక నువ్వు అంటాను. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి తప్ప ఒకచోట అనాల్సింది ఇంకోచోట అనలేదు. దొంగలకైనా ఇంత జాగ్రత్త ఉండదు. ఇద్దరు మగవాళ్ళు ఒక ఇంట్లో ఉంటే లోకం పెద్దగా పట్టించుకోదు, వంట ఎవరు చేస్తారని మాత్రం అడుగుతుంది. నేనే చేస్తాను. ఆయన చేస్తే తినడానికి ధైర్యం కావాలి.

నెలా పది రోజుల కిందట ఏం జరిగిందో చెప్పాలి. నిజానికి ఏమీ జరగలేదు. ఎవరి ఒంటి మీదా గీత కూడా పడలేదు.

లిఫ్టు నడిచే నిలువు సందుని మేం బావి అంటాం. పని చేసేటప్పుడు ఒకడు పైకప్పు మీద మెషిన్ గదిలో, మెయిన్ స్విచ్చి దగ్గర ఉంటాడు. రెండోవాడు బావిలో, లిఫ్టు డబ్బా నెత్తి మీద నిలబడతాడు. పైవాడు స్విచ్చి ఆపగానే దానికి తన తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, "ఆపాను" అని కేకెయ్యాలి. కిందివాడు తన పక్కనున్న ఎర్ర మీట నొక్కి, "విన్నాను" అని జవాబివ్వాలి. ఆ మీట నొక్కి ఉంటే పైన ఎవరు ఏం చేసినా డబ్బా కదలదు. మూడుసార్లు పిలిచినా జవాబు రాకపోతే పైవాడు తాళం ఉందో లేదో చూసుకుని, డిపోకి ఫోన్ చేసి, అప్పుడు మెట్లు దిగాలి. ఏ కొంప మునిగినా తాళం ముందు. ఇదంతా నాకు నేర్పింది మేస్త్రే. నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను.

ఆ రోజు పన్నెండు అంతస్తుల మేడలో పని. నేను పైన, ఆయన బావిలో ఆరో అంతస్తు దగ్గర. స్విచ్చి ఆపాను. తాళం చేతిలోకి తీసుకుంటూ "ఆపాను" అని కేకేశాను. జవాబు లేదు. మళ్ళీ కేకేశాను. ఉలుకూ పలుకూ లేదు. మూడోసారి నా నోట్లోంచి "ఆపాను" రాలేదు, "మేస్త్రీ" కూడా రాలేదు. గడియ పెట్టాక పిలిచే పిలుపు వచ్చింది. దానికీ జవాబు రాలేదు. అంతే, పరుగందుకున్నాను. మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆరో అంతస్తులో బావి తలుపు తెరవబోతుంటే నా చెయ్యి మూసుకుపోయి ఉంది. విప్పి చూస్తే అందులో తాళం ఉంది.

మేస్త్రి డబ్బా నెత్తి మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో ఇనుప తాడు పట్టుకున్నాడు. తలెత్తి నన్ను చూశాడు.

"తాళం వేశావా?"

"లేదు."

చెయ్యి చాపి ఎర్ర మీట నొక్కాడు. అప్పటిదాకా అదీ నొక్కి లేదన్నమాట. ఇద్దరం పైకి పరిగెత్తాం. మెషిన్ గదిలో ఆ మేడ వాచ్‌మన్ ఉన్నాడు. ఒక చెయ్యి స్విచ్చి పిడి మీద ఉంది. "కింద పెద్దావిడ అరగంట నించీ నిలబడిపోయింది సార్. ఈ స్విచ్చి దానంతటదే పడిపోయిందేమో, వేద్దామా అనుకుంటున్నా. ఈలోపల మీరే వచ్చారు" అన్నాడు. పాపం మంచివాడు. నేను అతనికి థాంక్స్ కూడా చెప్పాను.

తర్వాత మిగిలిన పని పూర్తి చేశాం. అన్నం తిన్నాం. ఆ సాయంత్రం డిపో పుస్తకంలో మేస్త్రి తన గుండ్రటి అక్షరాలతో రెండు వాక్యాలు రాశాడు. పైవాడు తాళం వేయలేదు. కిందివాడు జవాబు ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదని నేను అడగలేదు. ఎందుకు వెయ్యలేదని ఆయనా అడగలేదు. మర్నాటి నించి నాకు ఏమీ అనిపించకుండా పోయింది.

ఇది బాధ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. బాధ నాకు తెలుసు, మా అమ్మ పోయినప్పుడు పడ్డాను. అందులో ఏడుపు ఉంటుంది, కోపం ఉంటుంది, ఆకలి కూడా వేస్తుంది. ఇందులో ఏదీ లేదు. ఒక ఆదివారం చొక్కా ఇస్త్రీ చేస్తూ వేలు కాల్చుకున్నాను. తోలు ఎర్రగా పొంగడం చూస్తూ నిలబడ్డాను. మేస్త్రి వచ్చి నా చెయ్యి లాగి కుళాయి కింద పెట్టాడు. నీళ్ళు పడుతున్నంతసేపూ మణికట్టు వదల్లేదు. వదిలితే బాగుణ్ణని కానీ, వదలకుండా ఉంటే బాగుణ్ణని కానీ నాకు అనిపించలేదు. నీళ్ళు వృథా అవుతున్నాయని మాత్రం అనుకున్నాను.

రోజూ పనికి వెళుతూనే ఉన్నాం. నేను తాళం వేస్తాను, పిలుస్తాను. ఆయన "విన్నాను" అంటాడు. ఆ గొంతులో ఏదో తేడా ఉందని తెలుస్తూనే ఉంది. నా మీద కోపమనుకున్నాను. ఉండదా మరి? కొద్దిలో చంపేసి ఉండేవాణ్ణి. మంచం మీద ఆయన ఒక గోడ వైపు, నేను ఇంకో గోడ వైపు. మధ్యలో ఇంకో సంసారం పెట్టొచ్చు.

మా అక్క ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. మామూలుగా నేను మాట్లాడతాను, తను వింటుంది. ఈసారి రెండు నిమిషాల్లోనే పట్టేసింది.

"నోట్లో నీళ్ళు పోసుకున్నావా ఏంట్రా? ఏమైంది?"

"ఏంలేదే."

"ఏంలేకపోతే నువ్వు ఇంత కుదురుగా ఉంటావా? తమ్ముడికివ్వు."

తమ్ముడంటే మేస్త్రి. నాకు బట్టలు పంపితే ఆయనకీ పంపుతుంది. ఎందుకు పంపుతున్నావని నేను అడగను, మీ ఇద్దరూ ఏమిటని తను అడగదు. ఫోన్ ఆయన చేతికిచ్చి నేను వంటగదిలోకి వెళ్ళాను. "తింటున్నాడక్కా... ఆఁ... లేదక్కా, నాదే తప్పు" అని వినబడింది. ఏ తప్పో నేను పట్టించుకోలేదు.

ఆ మర్నాడు మేస్త్రి ఇస్త్రీ ప్యాంటు వేసుకుని పనికి బయల్దేరాడు. గ్రీజు పనికి ఇస్త్రీ ప్యాంటు ఎవరైనా వేసుకుంటారా? ఇదివరకైతే ఆ ఒక్కదాని మీద వారం రోజులు నవ్వించేవాణ్ణి. ఇప్పుడు చూసి ఊరుకున్నాను. మధ్యాహ్నం డిపోకి తిరిగొచ్చేసరికి సూపర్‌వైజర్ మేడమ్ నన్ను పిలిచింది.

ఆవిడ గది చిన్నది. బల్ల, రెండు కుర్చీలు, గోడకి బావిని నిలువునా కోసి చూపించే బొమ్మ, కిటికీలో చచ్చిపోతున్న మొక్క ఒకటి. ఆవిడకి యాభై దాటాయి. మా అందరి కంటే ముందు బావిలో దిగిన మనిషి. మోకాలు పాడయ్యాక బల్ల వెనక్కి వచ్చింది.

"మీ మేస్త్రి వేరే జట్టు అడిగాడు" అంది.

"ఓహో" అన్నాను.

నిజంగా అదే అన్నాను. వదిలేస్తున్నాడు, అంతే, ఇంక అయిపోయింది అని లోపల ఎవరో చదివి వినిపించినట్టు అనిపించింది. గుండె ఆగలేదు, దడదడలాడనూ లేదు. ఎనిమిదేళ్ళ సంచీ సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందా అని ఆలోచించాను. స్టీలు గ్లాసులు ఆయనవి.

"నీకు చెప్పలేదా?"

"లేదు మేడమ్."

ఆవిడ కాయితం నా వైపు తిప్పింది. జట్టు మార్పు దరఖాస్తు. అందులో కారణాలకి గళ్ళు ఉంటాయి. ఆరోగ్యం, దూరం, జతగాడితో పడకపోవడం. మేస్త్రి వాటన్నిటి కిందా ఉన్న నాలుగో గడిలో టిక్కు పెట్టాడు. ఒకే కుటుంబానికి చెందినవారు.

అది పాత రూలు. మొగుడూ పెళ్ళాలు, అన్నదమ్ములు, తండ్రీ కొడుకులు ఒకే బావిలో పని చెయ్యకూడదు. సొంతవాళ్ళు పలక్కపోతే మనిషి రూలు మరిచిపోతాడు, తాళం మరిచిపోతాడు, పరిగెడతాడు. దాని కింద వివరాలు అన్నచోట గుండ్రటి అక్షరాలు ఉన్నాయి.

*ఎనిమిదేళ్ళుగా మేమిద్దరం ఒక కుటుంబం. పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఎలా ఉంటారో అలాగే ఉన్నాం. ఒకే బావిలో ఉంటే మా ఇద్దరికీ పని మీద ధ్యాస ఉండడం లేదు. దయచేసి విడదీయగలరు.*

రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతే మేడమ్ కాయితం మీద చెయ్యి పెట్టింది.

"ఇలాంటిదానికి రెండోవాడి సంతకం కూడా కావాలి. ఇది నిజమని నువ్వు రాసి పెట్టాలి. పెడితే ఇది పై ఆఫీసుకి వెళుతుంది. ఆరు బల్లలు దాటాలి. ఏ బల్ల దగ్గర ఎవడు ఏం కూస్తాడో నేను చెప్పలేను. సాయంత్రానికల్లా డిపో అంతా తెలిసిపోతుంది." ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడిచింది. "నిజం కాదన్నావనుకో, దీన్ని చించి బుట్టలో పడేస్తాను. మేస్త్రి మనసు బాగోక ఏదో రాశాడనుకుంటాను. మీరిద్దరూ ఎప్పట్లాగే కలిసి వెళ్ళొచ్చు. నీ ఇష్టం."

"అదంతా ఉత్తిదే మేడమ్, ఆయనకి ఈమధ్య మతి పోయింది" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వాగుడుకాయకి అలాంటి మాటలు వాటంతటవే వస్తాయి. ఆవిడ నవ్వేది, నేను నవ్వేవాణ్ణి, కాయితం బుట్టలో పడేది. మేస్త్రి ఒక్కడే మిగిలేవాడు, ఆ గుండ్రటి అక్షరాలతో సహా.

"రేపు చెప్తాను మేడమ్" అన్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మేస్త్రి వంటగదిలో కింద కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు. ఇస్త్రీ ప్యాంటు ఇంకా మార్చలేదు. నేను గడియ పెట్టి చెప్పులు విప్పాను.

"నన్ను అడక్కుండా రాశావు."

"ఊఁ."

"అడగొచ్చుగా?"

"అడిగితే నువ్వు జోకేస్తావు" అన్నాడు. తలెత్తలేదు. "నువ్వు జోకేస్తే నేను ఊరుకుంటాను. ఎనిమిదేళ్ళ నించి అదేగా జరుగుతోంది."

నేను గడప మీద కూర్చున్నాను. ఆయన అన్నది నిజమే.

"కోపం వచ్చిందని చెప్పి పోవచ్చుగా. తాళం వెయ్యలేదు, నీ ప్రాణం మీదకి తెచ్చాను, అందుకు పోతున్నానని చెప్పు. పడకపోవడం అని ఒక గడి ఉందిగా. దాంట్లో టిక్కు పెట్టు."

అప్పుడు తలెత్తాడు. చేతిలో సగం చెక్కు తీసిన దుంప ఉంది.

"కోపమా? నీ మీద నాకెందుకు కోపంరా? జవాబివ్వంది నేను."

"ఎందుకివ్వలేదు?"

దుంప చెక్కు మొత్తం తీసేసి, తీసిన దుంపనే మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు. నేను అది ఆయన చేతిలోంచి తీసుకుని గిన్నెలో వేశాను.

"ఆ రోజు పొద్దున నడుం పట్టేసిందన్నాను, గుర్తుందా?" అన్నాడు. "నువ్వు కింద కూర్చుని నా కాలిగోళ్ళు తీశావు. బొటనవేలి దగ్గర లోపలికి పెరిగిందని దీపం పెట్టుకుని మరీ తీశావు, తిట్టుకుంటూ. బావిలో నిలబడ్డాక కిందకి చూశాను. బూట్లు కనబడ్డాయి. వాటి లోపల నువ్వు తీసిన గోళ్ళు ఉన్నాయని గుర్తొచ్చింది. బూట్ల కింద ఆరంతస్తులు. అంతేరా. కాళ్ళు వణికాయి. కూర్చుండిపోయాను. మీట నొక్కాలని తెలుసు, తాడు వదిలి చెయ్యి చాపలేకపోయాను. ఇరవై రెండేళ్ళు ఆ ఎత్తులో నిలబడ్డాను, ఎప్పుడూ భయం వెయ్యలేదు. పడితే పడతాను, ఏముందిలే అనుకునేవాణ్ణి. ఇప్పుడు పడితే నువ్వు ఇంటికి ఒక్కడివే రావాలి."

"నేను పిలవడం వినబడలేదా?"

"మొదటిసారి నించీ వినబడింది."

"విని ఊరుకున్నావా?"

"గొంతు వణుకుతుందని" అన్నాడు. "వణికితే నీకు తెలిసిపోతుందని. కొంచెం సర్దుకుని జవాబిద్దామనుకున్నాను. ఈలోపల నువ్వు మూడోసారి, ఇంట్లో పిలిచినట్టు పిలిచావు. ఇంక అసలు గొంతే రాలేదు."

నేను ఆయన్ని చూస్తూ కూర్చున్నాను. భయపడ్డానని చెప్పడానికి సిగ్గుపడి ఒకడు నోరు మూసుకున్నాడు. వాడు నోరు మూసుకున్నందుకు ఇంకొకడు తాళం చేత్తో పట్టుకుని ఆరంతస్తులు పరిగెత్తాడు. ఏమీ తెలియని మూడోవాడు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. మేమిద్దరం ఒకరికొకరం ఏమీ కాకపోయి ఉంటే ఇది జరిగేది కాదు.

"చచ్చిపోయేవాడివి" అన్నాను.

"తెలుసు."

"నేను చంపేసేవాణ్ణి."

"అదీ తెలుసు. అందుకే రాశాను." చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఇస్త్రీ అంతా పోయింది. "బావిలో కాళ్ళు ఇప్పటికీ వణుకుతున్నాయి. రోజూ. 'విన్నాను' అనేముందు నాలుగుసార్లు లోపల అనుకుని అప్పుడు పైకి అంటున్నాను. ఇంకో జతగాడైతే వణకను. వాడెవడో, నేనెవడినో. పని చేసుకుని ఇంటికొస్తాను."

"నేను సంతకం పెట్టకపోతే?"

"పెట్టకపోతే మానెయ్. నన్ను చూసి నవ్వుతారు, రెండు నెలలు. నువ్వు కూడా వాళ్ళతో కలిసి నవ్వొచ్చు, నేనేమీ అనుకోను. వేరే గడిలో టిక్కు పెట్టి మళ్ళీ ఇస్తాను."

దగ్గరికి వెళ్ళి ఆ తల పట్టుకోవాలని నాకు తెలుసు. తెలియడం వరకే అయింది, లేవలేకపోయాను. "దుంపలు నల్లబడిపోతున్నాయి, నీళ్ళు పొయ్యి" అన్నాను. ఆయన లేచి నీళ్ళు పోశాడు. వంట నేను చేశాను. ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. ఇద్దరం అలాగే తిన్నాం.

పొద్దున లేచేసరికి ఆయన వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళలో మేం విడివిడిగా డిపోకి వెళ్ళడం అదే మొదలు. నేను మొహం కడుక్కుంటూ అద్దంలో చూసుకున్నాను. రేపటి నించి ఏమేమి వినాలో లెక్కేసుకున్నాను. క్యాంటీన్‌లో ఎవడు ఏ పాట ఎత్తుకుంటాడో, ఎవడు నా పక్కన కుర్చీ జరుపుకుంటాడో, ఎవడు మరీ మంచివాడిలా భుజం తడతాడో అన్నీ ముందే తెలుసు. ఆ వెక్కిరింపులన్నీ నేను బాగా వెయ్యగలను. ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళ మీద వేశాను కూడా. అది తలుచుకుంటే మాత్రం కొంచెం సిగ్గేసింది.

మేడమ్ గదిలో కాయితం బల్ల మీదే ఉంది. కూర్చోమనకుండానే కూర్చున్నాను.

"ఏం రాయాలి మేడమ్?"

"నిజమైతే నిజమని రాయి. నీ మాటల్లో."

తొమ్మిదేళ్ళుగా రోజుకి పదివేల మాటలు పారబోసినవాణ్ణి, పెన్ను పట్టుకుంటే ఒక్కటీ దొరకలేదు. చివరికి *పైన రాసినదంతా నిజం. నాకూ అంతే* అని రాసి సంతకం పెట్టాను. ఆవిడ చదివి తలూపింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. లేచి, కుంటుతూ వెళ్ళి, బీరువాలోంచి మా సర్వీసు పుస్తకాలు రెండూ తెచ్చింది.

"కుటుంబమని రాశారు కాబట్టి ఇది కూడా సరిచెయ్యాలి. మేస్త్రి పొద్దున ఏడింటికే వచ్చి రాసి వెళ్ళాడు. వాడు సంతకం పెడతాడో లేదో చూడవయ్యా, తొందరేముంది అన్నాను. పర్లేదు మేడమ్ అన్నాడు."

మేస్త్రి పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో అడుగున ఒక వరస ఉంటుంది. ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చేయాలి. ఇరవై రెండేళ్ళ కిందట, నల్ల సిరాతో, అక్కడ ఒక అడ్డగీత గీసి ఉంది. ఎవరూ లేరని. ఆ గీత పక్కన ఇవాళ్టి నీలం సిరాతో నా ఫోన్ నంబరు ఉంది.

ఆ రోజు వాచ్‌మన్ పిడి పైకి ఎత్తి ఉంటే ఏం జరిగేదో నెలా పది రోజుల్లో నేను ఒక్కసారి కూడా చివరిదాకా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాను. డిపోవాళ్ళు ఈ పుస్తకం తెరిచేవాళ్ళు. గీత చూసి మూసేసేవాళ్ళు. ఎవరికీ కబురు వెళ్ళేది కాదు. నన్ను ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, జతగాడివి కాబట్టి నువ్వు చూసింది చూసినట్టు చెప్పు అని అడిగేవాళ్ళు. తాళం వేశావా అని అడిగేవాళ్ళు. నేను జవాబులు చెప్పి, మూడంతస్తులు ఎక్కి, గడియ పెట్టుకునేవాణ్ణి. ఇంట్లో ఎవరు పోయారని అడిగే మనిషి ఉండేవాడు కాదు.

నా పుస్తకంలో అక్క నంబరు ఉంది. దాని కింద ఆయన నంబరు రాశాను. కళ్ళు సరిగ్గా కనబడక ఒక అంకె కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది. మేడమ్ కిటికీ దగ్గరికి వెళ్ళి మొక్కకి నీళ్ళు పోయడం మొదలుపెట్టింది, నేను ముక్కు తుడుచుకునేదాకా పోస్తూనే ఉంది. కింద పళ్ళెం నిండి నీళ్ళు నేల మీదకి కారాయి.

కాయితం పై ఆఫీసు నించి తిరిగొచ్చేదాకా ఆగకుండా మేడమ్ ఆ పొద్దునే జట్లు మార్చేసింది. నాకు కొత్త జతగాడు, డిపోలో అందరూ రేడియో అనేవాడు. ముప్పై ఐదేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నోరు మూతపడదు. వాగుడుకాయనీ రేడియోనీ ఒక వ్యాన్‌లో వేశారు, లిఫ్టులు వాటంతటవే బాగైపోతాయి అని డిపోలో అప్పుడే మొదలుపెట్టారు. మిగతాది ఇంకా ఎవరికీ చేరలేదు.

ఆవరణలో రెండు వ్యాన్లు పక్కపక్కన ఉన్నాయి. మేస్త్రి రెండోదాంట్లో ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో పనిముట్ల సంచీ పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూశాడు. అడగలేదు. నేను తలూపాను. ఆయన మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. భుజాలు రెండుసార్లు ఎగిరిపడ్డాయి. డ్రైవరు బండి తీశాడు. గేటు దాటి ఎడమవైపు తిరిగింది. మేం కుడివైపు వెళ్ళాలి.

ఒక కుటుంబమని రాసిచ్చినందుకు మాకు దక్కింది ఇదీ. రోజుకి ఎనిమిది గంటలు ఆయన ఒక బావిలో, నేను ఇంకో బావిలో.

నేను ఎక్కి తలుపు వేసుకున్నాను. రేడియో తాళంచెవి తిప్పుతూ నా మొహంలోకి చూశాడు.

"ఏంటన్నా కళ్ళు అలా ఉన్నాయి? మేస్త్రితో గొడవైందా? అయినా తొమ్మిదేళ్ళు కలిసి పనిచేసి ఇప్పుడు విడిపోవడమేంటి? ఏమన్నాడేంటి ఆ పెద్దమనిషి?"

జోకు ఒకటి నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"గొడవేం లేదు" అన్నాను. "ఆయన మా ఆయన."

రేడియో చెయ్యి తాళంచెవి మీదే ఆగిపోయింది. వాడు మాట్లాడకుండా ఉండడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. కాసేపటికి బండి స్టార్టు చేసి, గేటు దాటించి, కుడివైపు తిప్పాడు. పెద్ద రోడ్డు మీదకి వచ్చాక గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ ఆయనకి ఎక్కడ పని?"

"పాత ఆసుపత్రిలో. పద్నాలుగు అంతస్తులు."

"ఓహో" అన్నాడు.

పద్నాలుగు అని నా నోటితో నేనే అన్నాక భయం వేసింది. నెలా పది రోజుల తర్వాత నాకు పూర్తిగా తిరిగొచ్చింది మొదట అదే. సీటు అంచు గట్టిగా పట్టుకుని, సాయంత్రం ఐదున్నర ఎప్పుడవుతుందా అని గడియారం చూశాను. ఇంకా తొమ్మిదైనా కాలేదు.